చిన్న రైలుకు ఏ పట్టా?

నమూనా రైలుమార్గమును నిర్మింపదలచినవారు సాధారణముగా మొదట ఇంజనును చూచి ముచ్చటపడి కొందురు. అనుభవము కలవారు మాత్రము మొదట పట్టాలను ఎన్నుకొందురు. ఇంజను నచ్చకపోయినచో మరియొకటి తెచ్చుకొనవచ్చును. బల్లపై మేకులతో బిగించి, తీగలు కలిపి, కంకరపొడిని జిగురుతో అతికించిన పట్టాలను మార్చుట అనగా మొత్తము మరల కట్టుటయే. నిజమైన రైళ్ళ సంగతియు ఇంతే. 19వ శతాబ్దిలో మన దేశమున కొన్ని మార్గములు 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిలోను, మరికొన్ని మీటరు గేజిలోను వేసినారు. ఆ భేదమును తొలగించుటకు 1992లో పెద్ద ప్రణాళికయే ప్రారంభింపవలసి వచ్చినది. ఒకసారి వేసిన పట్టా తరువాతి తరములను బంధించును. నమూనా రైళ్ళ చరిత్రయు దీనినే చెప్పుచున్నది.

ముందుగా రెండు మాటల అర్థము తెలిసికొందము. రెండు పట్టాల లోపలి అంచుల నడిమి దూరము గేజి. అసలు వస్తువును ఎన్నవ వంతుకు తగ్గించినామో చెప్పునది స్కేలు. ఐరోపాలోను అమెరికాలోను నిజమైన రైళ్ళకు ప్రామాణికమైన గేజి 1,435 మి.మీ. దానిని 87వ వంతుకు తగ్గించినచో 16.5 మి.మీ. వచ్చును. ఈ రెండును పొసగినపుడే నమూనా సరియైనదగును.

తొలినాళ్ళలో ప్రతి బొమ్మల కంపెనీయు తనకు తోచిన వెడల్పున పట్టాలు చేసెడిది. జర్మనీలోని గోపింగెన్ పట్టణపు మేర్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో, అంకెలతో గుర్తించిన గేజులను ప్రదర్శించినది. క్రమముగా ‘సున్న’ గేజి ఇండ్లలో స్థిరపడినది. దాని వెడల్పు 32 మి.మీ. అయినను దానికి ఒక గది కావలెను. 1922లో నూరెంబర్గునకు చెందిన బింగ్ కంపెనీ, దానిలో సుమారు సగముండి భోజనపు బల్లపై అమరు రైలును తెచ్చినది. 1935లో ట్రిక్స్, మేర్క్లిన్ కంపెనీలు ఈ పరిమాణమున విద్యుత్ రైళ్ళను విడుదల చేసిన పిదప 16.5 మి.మీ. పట్టా నిలదొక్కుకొన్నది. ‘సున్నలో సగము’ అను అర్థమున దీనికి ‘హెచ్ ఓ’ అను పేరు ఏర్పడినది.

ఇచ్చట ఇంగ్లండున ఒక చిక్కు వచ్చినది. ఆ దేశపు సొరంగములు, వంతెనలు తొలికాలమున ఇరుకుగా కట్టినవి. కనుక అచ్చటి ఇంజనులు ఐరోపా ఇంజనులకంటె సన్ననివి. వానిని 87వ వంతుకు తగ్గించినచో నాటి మోటారు లోపల పట్టలేదు. ఉత్పత్తిదారులు ఇంజనును కొంచెము పెంచి, అడుగుకు 4 మి.మీ. చొప్పున, అనగా సుమారు 76వ వంతుగా చేసినారు. పట్టాను మాత్రము 16.5 వద్దనే ఉంచినారు. ఫలితముగా ఆ పట్టా 1,435 మి.మీ.కు బదులు సుమారు 1,257 మి.మీ. మార్గమునకు నమూనా అయినది. చూచువారికి ఇంజను లావుగాను, త్రోవ సన్నముగాను కనబడును. మోటారులు ఏనాడో చిన్నవైనవి గాని, ఆ లోపము నేటికిని పోలేదు. దానిని సహింపలేనివారు 18.83 మి.మీ. వెడల్పున పట్టాలను స్వయముగా అమర్చుకొనుచున్నారు.

పట్టా నిర్ణయము వ్యాపారమును సైతము తాకగలదు. విద్యుత్తు రాకపోకలకు రెండు మార్గములు కావలెను. రెండు పట్టాలనే వాడినచో ఒకవైపు చక్రములకు రెండవవైపు చక్రములతో విద్యుత్ సంబంధము లేకుండ చేయవలెను. నడుమ మూడవ పట్టా వేసినచో ఆ బాధ లేదు. 1938లో లివర్‌పూల్ నగరపు మెకానో కంపెనీ విడుదల చేసిన ‘హార్న్‌బీ డబ్లో’ రైళ్ళు మూడు పట్టాలవి. పోటీగా వచ్చిన ట్రయాంగ్ రైళ్ళు రెండు పట్టాలపై నడచినవి. చూచుటకు నిజమైన మార్గమువలె ఉన్నవి, చౌకగాను ఉన్నవి. డబ్లో 1959లో గాని రెండు పట్టాలకు మారలేదు. అప్పటికి ఆలస్యమైనది. పాత కొనుగోలుదార్లకు కొత్త బండి తమ పట్టాపై నడువదు. 1964లో మెకానో, ట్రయాంగ్ యజమానులైన లైన్స్ బ్రదర్స్ చేతికి పోయినది. ఆ పతనమునకు పట్టా ఒక్కటే కారణము కాకపోయినను, దాని పాలు తక్కువది కాదు.

1960లో నూరెంబర్గులోని ఆర్నాల్డ్ కంపెనీ 9 మి.మీ. పట్టాపై నడచు ‘రాపిడో’ రైలును తెచ్చినది. జర్మను, ఇంగ్లీషు భాషలలో తొమ్మిదిని సూచించు మాట ‘ఎన్’ అక్షరముతో మొదలగును. అదియే ఈ గేజి పేరు. 160వ వంతు స్కేలున 9 మి.మీ. అనగా 1,440 మి.మీ.; ఇది అసలునకు మిక్కిలి దగ్గర. అయినను బ్రిటిషువారు దానిపై 148వ వంతు బండ్లను నడిపినారు. జపానులో సాధారణ మార్గముల గేజి 1,067 మి.మీ. మాత్రమే. ఆ బండ్లను 150వ వంతుగా చేసి 9 మి.మీ. పట్టాపైననే ఉంచినారు, కనుక అచ్చట ఇంగ్లండునకు విపరీతముగా త్రోవయే వెడల్పైనది. ప్రామాణిక గేజిపై పోవు షింకాన్‌సెన్ బండ్లను మాత్రము 160వ వంతుగానే చేసినారు. 1972లో మేర్క్లిన్ ఇంకను చిన్నదగు 6.5 మి.మీ. ‘జడ్’ గేజిని తెచ్చినది.

ఇంత చిన్నవానిలో పట్టాను ఎన్నుకొనుట ఎందుకు కష్టమో గణితము చెప్పును. పొడవు 160వ వంతైనచో ఘనపరిమాణము దాదాపు 41 లక్షలవ వంతగును. ఆ లెక్కన 100 టన్నుల ఇంజను 24 గ్రాములు మాత్రమే తూగును. కాని పట్టాపై పడు ధూళికణము చిన్నది కాదు. తేలికయగు చక్రము ఆ కణమును నలిపి లోహమును తాకజాలదు, బండి ఆగిపోవును. అందుచేతనే ఉత్పత్తిదారులు ఇంజనులో సాధ్యమైనంత బరువు నింపుదురు. పట్టాకు ఇనుము, ఇత్తడికంటె జర్మన్ సిల్వర్ మేలు. ఇందు వెండి లేదు. ఇది రాగి, నికెలు, జింకుల మిశ్రమము. ఇనుమువలె తుప్పు పట్టదు. దీనిపై పట్టు మకిలి విద్యుత్తును ఇత్తడి మకిలివలె అడ్డగింపదు.

రెండవది పట్టా ఎత్తు. దీనిని అంగుళములో వెయ్యవ వంతులతో ‘కోడ్’ అని చెప్పుదురు. కోడ్ 80 అనగా 2.03 మి.మీ. మన రైల్వేలలో మీటరుకు 60 కిలోలు తూగు పట్టా ఎత్తు 172 మి.మీ.; దాని 160వ వంతు 1.08 మి.మీ. మాత్రమే. అనగా కోడ్ 80 పట్టా దాదాపు రెండింతలు ఎత్తైనది. పాత చక్రముల లోపలి అంచులు లోతుగా దిగును. పట్టా పొట్టిదైనచో ఆ అంచులు స్లీపర్లపై నున్న బిగింపులను కొట్టుకొనును. కోడ్ 55 చూపునకు చక్కనిది. దీనిలో ఒక రకమున పట్టా అడుగుభాగము స్లీపర్లలోనికి దిగియుండుటచే పాత చక్రములును నడచును. కోడ్ 40 అసలునకు మిక్కిలి దగ్గర. అంచు లోతు తక్కువగల చక్రములకే అది అనుకూలము.

మూడవది వంపు. ఎన్ గేజిలో వ్యాప్తిలోనున్న బిగువైన వంపు వ్యాసార్ధము 192 మి.మీ. నిజమైన త్రోవలో అది సుమారు 31 మీటర్లతో సమానము. మన బ్రాడ్‌గేజిలో అతి బిగువైన వంపునకే 175 మీటర్లు కావలెను. స్కేలు ప్రకారము అది 109 సెంటీమీటర్లు. గదిలో చోటులేక మనము వంపును బిగించుచున్నాము. చోటున్నంతవరకు విశాలముగా వేసినచో పొడవైన పెట్టెలు పట్టాలు తప్పవు.

మన రైళ్ళకు నమూనా కట్టదలచినవారికి ఒక చిన్న లెక్క ఉపయోగపడును. బ్రాడ్‌గేజి 160వ వంతున 10.5 మి.మీ. అగును, 9 మి.మీ. పట్టా చాలదు, ఇంగ్లండు లోపమే మరల వచ్చును. ఒకప్పుడు సికింద్రాబాదునుండి మన్మాడు వైపు సాగిన మీటరు గేజి మాత్రము 6.25 మి.మీ. అగును. జడ్ గేజికై చేసిన 6.5 మి.మీ. పట్టా దానికి చక్కగా సరిపోవును. నేలమీదినుండి తొలగిపోయిన ఆ సన్నని త్రోవను బల్లపై దాదాపు తప్పులేకుండ నిలుపవచ్చును.

పట్టాను కొనుటకు ముందు ఏ దేశపు, ఏ కాలపు రైలును చూపదలచితిమో నిర్ణయించుకొని, పై లెక్క వేసికొనవలెను. ఇంగ్లండున ఆనాడు మోటారు కొరకు వేసిన పట్టా, మోటారు మారినను మారలేదు. ఆ అనుభవము మనకు చాలును.