మలేరియా ర్యాపిడ్ పరీక్ష (జివతి ప్రాంతం)

జ్వరంతో ఉన్న పిల్లల వేలికొస నుంచి తీసిన ఒక్క రక్తపుచుక్కతో ఇంటి వద్దే మలేరియాను గుర్తించే పరీక్ష. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా మాణిక్‌గఢ్ కొండల్లో, తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాను ఆనుకుని ఉంది. గోండులు, కోలాములు నివసించే ఇలాంటి కొండ గూడేలకే ఈ పరీక్ష ఎక్కువ అవసరం. సూక్ష్మదర్శిని ఉన్న ల్యాబ్‌కు స్లైడ్ చేరి ఫలితం తిరిగొచ్చేలోపు ఫాల్సిపరం మలేరియా చిన్నపిల్లల ప్రాణం మీదికి తేగలదు.

నెలల పిల్లలకైతే వేలికి బదులు మడమ మీద గుచ్చుతారు. రక్తాన్ని కిట్‌లోని చిన్న గుంటలో వేసి, పక్క గుంటలో ద్రావణం చుక్కలు వేస్తారు. దాదాపు 15-20 నిమిషాల్లో గీతలు తేలతాయి. కిట్ సరిగా పనిచేసిందని చూపే 'సి' (కంట్రోల్) గీత రాకపోతే ఆ కిట్ పనికిరాదు, కొత్తదానితో మళ్లీ చేయాలి. భారత జాతీయ మలేరియా కార్యక్రమం 2013 నుంచి ఫాల్సిపరం, వైవాక్స్ రెండింటినీ పట్టే కిట్లు వాడుతోంది. ఆశా కార్యకర్తలకు వీటిపై శిక్షణ ఇస్తారు.

ఫాల్సిపరం గీత హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్‌ను పడుతుంది. మందులతో క్రిములు చచ్చినా ఆ ప్రొటీన్ కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది కాబట్టి, ఈమధ్యే చికిత్స పొందిన బిడ్డకు గీత వచ్చినంత మాత్రాన జబ్బు తిరగబెట్టిందనుకోకూడదు. ఎండకు పెట్టిన కిట్లను నమ్మలేం. అన్నిటికంటే ముఖ్యం, గీత రాలేదని పారాసిటమాల్ ఇచ్చి పంపేయడం ప్రమాదకరం: న్యుమోనియా, డెంగ్యూ, టైఫాయిడ్ ఈ పరీక్షకు చిక్కవు. ఎగశ్వాస, ఫిట్స్, పాలు తాగలేని నీరసం ఉంటే ఫలితం ఏదైనా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తరలించాలి.