తాబేలు తొట్టిమీది దీపం ఎక్కడ పుట్టింది?

పెంపుడు తాబేలు తొట్టిమీద వెలిగే యూవీ-బీ (అతినీలలోహిత కిరణాల) దీపం అసలు తాబేళ్ల కోసం పుట్టలేదు, అది ఎముకలకు మేలు చేస్తుందని తేలింది కాళ్లు వంకరపోయిన పిల్లల్లో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918-19 చలికాలంలో, బెర్లిన్‌లో కుర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ అనే వైద్యుడు రికెట్స్ ఉన్న నలుగురు పిల్లల ఒంటికి పాదరసపు క్వార్ట్జ్ దీపం వెలుగు తగిలించాడు. ఎక్స్‌రేలో ఎముకలు గట్టిపడుతూ కనిపించాయి. అంతకన్నా అబ్బురం ఇంకొకటి: ఒక్క చేతికే వెలుగు పట్టినా రెండో చేతి ఎముక కూడా బాగుపడింది. అంటే చర్మంలో ఏదో తయారై నెత్తుటితో ఒళ్లంతా పారుతోందన్నమాట. అదే విటమిన్ డి అని తర్వాతి పదేళ్లలో తేలింది. ఆ దారిలో సాగిన పరిశోధనకే రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ విండౌస్‌కు 1928లో నోబెల్ వచ్చింది. దీపానికి క్వార్ట్జ్ ఎందుకు వాడారంటే, మామూలు గాజు యూవీ-బీని ఆపేస్తుంది. కిటికీ అద్దంలోంచి ఎంత ఎండ పడ్డా తాబేలు డిప్ప మెత్తబడడానికి కారణం ఇదే.

వెచ్చదనం కథ వేరు. చలి మొదలయ్యే రోజుల్లో తాబేలు గోడకానుకొని, ఎండ బాగా పట్టేలా డిప్పను ఏటవాలుగా పెట్టుకుంటుందని ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడు 18వ శతాబ్దంలోనే రాశాడు. ఆ గమనిక శాస్త్రంగా నిలబడింది మాత్రం 1944లో. కాలిఫోర్నియా ఎడారి సరీసృపాలను పరీక్షించిన కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు, అవి ఎండకూ నీడకూ మారుతూ తమకు కావలసిన వేడిని తామే నిలుపుకుంటాయని చూపారు. అందుకే తొట్టి అంతా ఒకే వేడిలో ఉండడం తప్పు. ఎర్రచెవుల తాబేలుకైతే ఎక్కి కూర్చునే రాయి దగ్గర 32-35 డిగ్రీలు, నీళ్లు 24-26 డిగ్రీలు ఉంటే, ఎక్కడుండాలో అదే ఎంచుకుంటుంది. సూర్యుడు ఒకేసారి ఇచ్చిన వేడినీ యూవీనీ మనం రెండు దీపాలుగా విడదీశాం, కాబట్టి ఆ రెండింటినీ మళ్లీ ఒకే రాయిమీద కలపాలి. వేడి బల్బు ఒక మూలనా యూవీ ట్యూబు ఇంకో మూలనా పెట్టినవాళ్లు డబ్బు పోసి సగం సూర్యుణ్నే కొన్నట్టు. ట్యూబు కంటికి వెలుగుతూనే ఉన్నా అందులో యూవీ ఆరు నెలల నుంచి ఏడాదిలో తగ్గిపోతుంది. రాత్రి రెండు దీపాలూ ఆరిపోవాలి.

గోదావరి ఒడ్డునున్న ధర్మపురిలో ఎండకు కొదవేముంది, దీపం దండగ కాదా అనవచ్చు. ఆ మాటలో సగం నిజముంది. ఇక్కడి ఎండలోనే బతికి 2024లో హైదరాబాదు నెహ్రూ జూలో కన్నుమూసిన గాలాపాగోస్ తాబేలు చాణక్యకు జూవాళ్లు చెప్పిన వయసు 125 ఏళ్లు. పెరడున్న ఇంట్లో సగం నీడ పడే వెడల్పాటి సిమెంటు తొట్టి ఏ దీపం కన్నా మేలు. కానీ గాజు తొట్టిని మే నెల ఎండలో పెడితే గంటలోపే నీళ్లు కాగి ప్రాణం తీస్తాయి. ఇక ఆదిలాబాద్ వైపు చలికాలపు రాత్రులు పది డిగ్రీల లోపుకు జారతాయి, నీళ్ల హీటర్ అక్కరకొచ్చేది అప్పుడే. మేతలో విటమిన్ చుక్కలు కలిపితే సరిపోదా అని ఇంకొందరు. చుక్కలు మోతాదు మించితే హాని. చర్మంలో తయారయ్యేదానికి ఆ భయం లేదు, అవసరానికి మించినది ఆ ఎండకే విరిగిపోతుంది.

ఇంత విద్య గాజుపెట్టె కోసం ఖర్చుచేశాం గానీ, అసలు ఎండ కాగే చోటును మాత్రం పోగొట్టుకుంటున్నాం. ఇసుక తోడేసిన గోదావరి ఒడ్డున తాబేలు గుడ్లు పెట్టేదెక్కడ? గోదావరి తాబేళ్లను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్వేరియం దుకాణాల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలు అమెరికా జాతి. అది పెద్దదై బరువనిపించినా ధర్మపురి రేవులో వదలకండి. మన తాబేళ్ల మేతనూ అవి ఎండ కాగే రాళ్లనూ ఆక్రమిస్తుంది. పాతికేళ్లు సాకగలమనుకుంటేనే కొనండి.