రాతి మీద పుట్టిన శుభాకాంక్ష

పండుగనాడు బంధుమిత్రులకు పంపెడి రంగురంగుల శుభాకాంక్షల కార్డునకు పూర్వులెవరని విచారింపబోగా, ఆ వంశపు వేరు ఒక చాకలిపద్దునందు తేలినదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరానిది. 1796లో మ్యూనిక్ నగరమున అలోయిస్ సెనెఫెల్డరు అను నాటకకర్త, తన నాటకములను అచ్చు వేయించుటకు ధనము చాలక, చౌకయైన అచ్చుపద్ధతి నొకదానిని తానే కనుగొనవలెనని రాళ్లను నునుపు చేయుచుండగా, తల్లి వచ్చి ఉతుకునకు వేయవలసిన బట్టల పట్టిక వ్రాయుమని అడిగెనట. ఉతుకునామె వేచియున్నది, చేతికందు కాగితపు తునక ఒకటియు లేదు. అంతట అతడు మైనము, సబ్బు, దీపపు మసి కలిపి చేసికొన్న సిరాతో ఎదుటనున్న రాతిపలక మీదనే ఆ పట్టికను వ్రాసెను. తుడిచివేయుటకు ముందు దానిపై ఆమ్లము పోసి చూతమని అతనికి తోచిన ఊహయే కొలది యేండ్లలో శిలాముద్రణమై పరిణమించినది. ఈ కథను అతడే తన గ్రంథమున చెప్పుకొన్నాడు.

రాతి మీద వ్రాత మార్కాపురమువారికి క్రొత్త కాదు. నల్లమల తూర్పు పాదమున పొరలు పొరలుగా పరుచుకొనియున్న మన రాయిని ఉలితో చీల్చి, పలుచని పలకలుగా తీసి, నునుపు చేసి, చుట్టును కొయ్యచట్రము బిగించి దేశమునందలి బడిపిల్లల చేతికిచ్చిన పట్టణమిది. కర్నూలు జిల్లానుండి మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు విడివడి 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరక పూర్వమే, ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు రాక పూర్వమే, ఈ రాయి ఎందరి చేతనో ‘ఓనమాలు’ దిద్దించినది. కాగితపు పుస్తకము ప్రబలిన పిమ్మట ఆ పలకకు ఆదరణ తగ్గి, నేడు అదే రాయి ఇండ్ల నేలలకును, గోడలకును పరచు బిళ్లలై పరదేశములకు పోవుచున్నది. బలపపు గీతకు ఎదురుచూచిన శిల ఎవరి గోడకో అలంకారమగుట నా మనస్సున కెన్నడును రుచింపలేదు.

సెనెఫెల్డరు వాడిన రాయి మన పలకరాయి కాదు. అది బవేరియా దేశపు సున్నపురాయి. దానిపై జిడ్డుసిరాతో బొమ్మ గీసి తడిపినచో, రాయి నీటిని పీల్చును, జిడ్డుగీత నీటిని త్రోసివేయును. పిమ్మట అచ్చుసిరా పూసినచో అది గీతకే అంటుకొనును. అచ్చురాళ్ల కొరకు సోల్న్‌హోఫెను గనులను త్రవ్వుచుండగనే 1861లో ఒక పురాతన పక్షియొక్క ఈక బయటపడగా, శాస్త్రజ్ఞులు ఆ పక్షికి ‘ఆర్కియాప్టెరిక్స్ లితోగ్రాఫికా’ యని అచ్చురాతి పేరే పెట్టిరి. కార్డుల చరిత్రలో ఈ పక్షికేమి పని యని అడుగువారు అడుగుదురు గాక, చెప్పకుండ నేను ఉండలేకపోయితిని.

1843లో లండనునందు హెన్రీ కోలు అను ఉద్యోగి, పండుగ ఉత్తరములకు విడివిడిగా బదులు వ్రాయు తీరిక లేక, హార్స్లీ యను చిత్రకారునిచే ఒక కార్డు గీయించి, శిలపై అచ్చొత్తించి, చేతితో రంగులు వేయించెను. అచ్చైనవి దాదాపు వేయి. వెల ఒక్కొక్కటి ఒక షిల్లింగు. నడుమ కుటుంబమంతయు పానపాత్రలెత్తి నిలిచియుండును. ఒకవైపున పేదలకు అన్నము, మరొకవైపున వస్త్రము. వీని చుట్టును తీగలల్లిన పందిరి. అరచేతంత కార్డులో ఇన్ని ఇమిడ్చిన పిమ్మట, పంపువాడు తన మాటగా వ్రాయుటకు మిగిలినది పేరు పట్టునంత చోటే.

ఇక నాకు మిక్కిలి ప్రీతియైన కాలమునకు వచ్చితిని. అమెరికాలోని వూస్టరు పట్టణమున ఎస్తేరు హౌలండు అను యువతి 1847లో చదువు ముగించుకొని యింటనున్నప్పుడు ఇంగ్లండునుండి ఒక ప్రేమకార్డు వచ్చినది. అంచులందు కాగితపు జాలరు, నడుమ అతికించిన పూలు. ఇంతకన్న బాగుగా తానే చేయగలనని ఆమె జాలరు కాగితము తెప్పించి కొన్ని నమూనాలు చేయగా, సోదరుడు వానిని తన వ్యాపారయాత్రలో తీసికొనిపోయెను. రెండువందల డాలర్ల బేరము తగిలినను చాలుననుకొన్న ఆమెకు అయిదువేల డాలర్లకు పైబడిన బేరము వచ్చినదందురు. అంతట స్నేహితురాండ్రను కూర్చుండబెట్టి, ఒకరు పూలు కత్తిరింపగా, ఒకరు అడుగుతలము పరువగా, మరొకరు అతికింపగా, కార్డు చేతినుండి చేతికి సాగునట్లు పని పంచెను. తెల్లని జాలరు క్రింద రంగుకాగితపు తునకనుంచి ఆ రంధ్రములగుండ వన్నె తొంగిచూచునట్లు చేయుట ఆమె నేర్పు. ఇంత పనితనమునకు గుర్తుగా ఆమె వెనుకవైపున ఉంచినది చిన్న ఎఱ్ఱని అక్షరమొక్కటి!

బోస్టనులోని లూయి ప్రాంగు మరియొక దారి త్రొక్కెను. 1824లో బ్రెస్లావులో పుట్టి, ఇరువదియారవ యేట అమెరికా చేరిన ఈ శిలాముద్రకుడు, రంగునకొక్క రాయి చొప్పున ఒక్క బొమ్మకు ఇరువది వరకు రాళ్లు వాడుచు, వానిలో నేదియు వెండ్రుకవాసియైనను తొలగకుండ ఒకదానిపై నొకటి అచ్చొత్తెడివాడు. ఆయన క్రిస్మస్ కార్డులు 1873లో ఇంగ్లండులోను, మరుసటి సంవత్సరము అమెరికాలోను అమ్మకమునకు వచ్చినవి. ఆ తొలికార్డులు ఎంత నిరాడంబరములో చూడుడు: పూలు, పండుగ మాట, అంతే. పిమ్మట గిరాకి పెరిగినది. 1880లో వేయి డాలర్ల ప్రథమబహుమతితో చిత్రకారులకు పోటీ పెట్టెను. ఏటికి ఏబది లక్షల కార్డులు అచ్చగుచుండెనని ప్రసిద్ధి. పోటీలకు దీటుగా ఆడంబరమును పెరిగి కార్డునకు పట్టుదారపు అంచులు వచ్చినవి, కుచ్చులు వచ్చినవి. చేతిలో ఇముడు కాగితము తొడుగు వేసిన దిండువలె ఉబ్బినది. ఇంతలో జర్మనీనుండి చౌకకార్డులు వచ్చిపడగా, 1890 తరువాతి దశాబ్దమున ప్రాంగు ఆ వ్యాపారమునే విడిచిపెట్టెను. చౌకసరకే ఆయనను ఓడించినదని చరిత్రకారులందురు. ఆ కుచ్చులకును ఓటమిలో భాగమున్నదని నా తీర్పు. పూవును కుచ్చు కప్పివేసిన నాడే కొనువాని కన్ను పూవును మరచి వెలను చూడసాగినది.

తరువాతి యేండ్లను త్వరగా దాటెదను. మన దేశమున కాలణా పోస్టుకార్డు 1879 జూలై 1న వెలువడి, కుశలప్రశ్నను అరచేతంత స్థలమునకు కుదించినది. అంతర్జాతీయ తపాలా నియమములును ఈ కుదింపునకు తోడుపడినవి: అచ్చుకాగితములకిచ్చు తక్కువ రుసుముతో పోవలెనన్నచో పండుగకార్డుపై చేతితో వ్రాయు మర్యాదవాక్యము అయిదు మాటలకు మించరాదని ఆనాటి కట్టడి. 1949లో చెకోస్లొవాకియాలో, యుద్ధానంతర సహాయము పొందిన ఒక పల్లె బాలిక, యేడేండ్లది, కృతజ్ఞతగా ఒక బొమ్మ వేయబోగా కాగితము దొరకక గాజుపలకపై వేసినది. యూనిసెఫ్ వారి మొదటి కార్డు అదే. 1965లో న్యూయార్కు ఆధునికకళా ప్రదర్శనశాల పండుగకార్డు కొరకు రాబర్టు ఇండియానా అను చిత్రకారుడు ‘ప్రేమ’ యని చెప్పు ఆంగ్లపదపు నాలుగక్షరములను రెండు వరుసలుగా పేర్చి, ఒక్క సున్నను ప్రక్కకు ఒరగజేసి ఊరకుండెను. ప్రాంగు ఇరువది రాళ్లతో చెప్పినది ఒక్క ఒరగిన అక్షరము చెప్పినది.

మన వైపున ఈ కళ శుభలేఖనందు నిలిచినది. సీసపు అక్షరములు, వినాయకుని బ్లాకు, అరటిచెట్ల బ్లాకు, కలసిన రెండు చేతుల బ్లాకు, పసుపుపచ్చని కాగితము, ట్రెడిల్ యంత్రము: ఇంతటితోనే మన చిన్న పట్టణముల అచ్చుకూటములు లెక్కలేని పెండ్లిండ్లకు పిలుపులు పంపినవి. నాలుగు మూలల పసుపు మాత్రము అచ్చు వేయునది కాదు. ఇంటివారి వ్రేలే పెట్టవలెను. నేడు పెట్టెలలో పెట్టి, బంగారుపూతతో, పొరవెంబడి పొరగా విప్పవలసిన శుభలేఖలు వచ్చుచున్నవి. వానిలో వ్రేలిముద్రకు చోటు చూపుడు!

బడిపిల్లలు చేసిన గ్రీటింగులను గూర్చి ఎవరును వ్రాసినట్లు కనబడదు. జనవరి మొదటి తేదీకి, సంక్రాంతికి ముందు డ్రాయింగు షీటు ముక్కను మడచి, దానిపై వేపరెమ్మనో, తుమ్మరెమ్మనో ఉంచి, పాత టూత్‌బ్రష్షును సిరాలో ముంచి దువ్వెనపై రాచినచో సన్నని తుంపర లేచి షీటంతయు పరుచుకొనును. రెమ్మను ఎత్తినచో దాని ఆకారము తెల్లగా మిగులును. సిరాలో ముంచిన దారమును మడత నడుమ పెట్టి లాగినచో తెలియని పూవొకటి విచ్చుకొనును. వీనిని అలంకరింపవలెనను ఉత్సాహముతో చెమ్కీ చల్లి, ఊలు అతికి, ప్రతి మూలను గులాబి గీసిన పిల్లలును కలరు; వారి శ్రద్ధను నేను కాదనను. కాని, తుమ్మరెమ్మ ఒక్కటే కనబడు కార్డు ముందు కన్ను ఆగును.

ఆడంబరమైన కార్డును సరళము చేయదలచినవారు మొదట చేయవలసినది తీసివేయుట కాదు, ఎన్నుకొనుట. జాలరు, పూవు, రిబ్బను, మెరుపు, పద్యము అన్నియు ఎదుట పరచుకొని, వీనిలో దేనిని తీసినచో ఇది ఈ పండుగ కార్డు కాకుండ పోవునని అడుగవలెను. ఆ ఒక్కదానిని నట్టనడుమ గాక కొంచెము ప్రక్కకుంచి, మిగిలిన చోటును తెల్లగా వదలవలెను. మెరుపు తీసివేసిన కొరతను మొద్దు పుల్లతో అదిమిన గీత తీర్చును. దానికి సిరా అక్కరలేదు, ప్రక్కనుండి పడు వెలుతురు చాలును. కాగితము మాత్రము దళసరిగా ఉండవలెను. మడచుటకు ముందు మడత వెంబడి గీత నొక్కినచో అంచు చిట్లదు. పద్యమునకు బదులుగా అయిదు మాటలు.

ఒక రంగు, ఒక గీత వేసి అంగడిలో అమ్మెడి కార్డులన్నియు ఈ కోవలోనివి కావు. ఏమి వదలవలెనో తెలిసి వదలిన తెలుపు వేరు, ఏమియు తోచక మిగిలిన తెలుపు వేరు. ఫోనులో ఒక్క నొక్కుతో వందమందికి పోవు బొమ్మలలో ఈ రెండవ తెలుపే నిండియున్నది. పంపినవాని చేయి అందులో లేదు గనుక అది సరళమని నేనొప్పుకొనను.

కాబట్టి మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల బడులలోని చిత్రలేఖనపు ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. డిసెంబరు నెలలో ఒక్క పీరియడును ఈ పనికి కేటాయింపుడు. పిల్లలను బడి ఆవరణలోనికి పంపి తలకొక రెమ్మ తెచ్చుకొననిండు. సిరాబుడ్డియు, పాత బ్రష్షును, దువ్వెనయు బల్లపై నుంచుడు. అయిదు మాటలకు మించి వ్రాయవద్దని చెప్పి, క్రింద ఎవరి పేరు వారిచేత వారి చేతివ్రాతతోనే పెట్టించి, ఆ కార్డులను తపాలాపెట్టెలో వేయింపుడు.