యువపాఠకుల డిస్టోపియన్ నవలలు: ముగ్గురు నాయికల తులనాత్మక పరిశీలన

పాలకులు ప్రజల జీవితాన్ని సంపూర్ణంగా అదుపులో పెట్టుకున్న ఊహాసమాజాన్ని డిస్టోపియా అంటారు. యువపాఠకుల కోసం వచ్చిన ఇటువంటి నవలల్లోని నాయికలను ఎలా పోల్చాలో ఈ భాగంలో తెలుసుకుంటారు.

నేపథ్యం

1993లో లోయిస్ లౌరీ రాసిన ‘ది గివర్’లో ప్రధాన పాత్ర జోనాస్ అనే అబ్బాయి. ఆ తరువాత అమెరికాలోనే వచ్చిన మూడు నవలల్లో ఆ స్థానం అమ్మాయిలకు దక్కింది. అవి స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ ‘అగ్లీస్’ (2005), సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ (2008), వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ (2011). టీవీలో ఒక చానెల్‌లో రియాలిటీ పోటీని, మరొక చానెల్‌లో ఇరాక్ యుద్ధ దృశ్యాలను చూస్తున్నప్పుడు తన నవలకు ఆలోచన పుట్టిందని కాలిన్స్ చెప్పారు. కనుక ఈ కథలను కేవలం కాలక్షేప రచనలుగా చూడకూడదు. అవి తమ కాలపు చరిత్రకు కూడా సాక్ష్యాలు.

పోలికలు

ముగ్గురి కథా పదహారేళ్ల వయసు దగ్గరే మొదలవుతుందని గమనించండి. ఆ వయసులో టాలీ నగరంలో అందరికీ అందం కోసం శస్త్రచికిత్స చేస్తారు. అది మెదడును కూడా లొంగదీస్తుందన్న సంగతి దాచిపెడతారు. కాట్నిస్ దేశంలో 12 జిల్లాల నుంచి ఏటా 24 మంది పిల్లలను చంపుకొనే పోటీకి ఎంపిక చేస్తారు. ట్రిస్ సమాజంలో ఐదు వర్గాల్లో ఒకదానిని ఎంచుకోక తప్పదు. మూడు చోట్లా రాజ్యం ఒక తంతు ద్వారా యువతను తనదిగా చేసుకుంటోంది.

మరొక పోలిక ఇంకా ముఖ్యమైనది. ముగ్గురూ ఇతరుల కోసం తమ శరీరాన్నే పణంగా పెట్టారు. విరుగుడు మందును తనపై పరీక్షించేందుకు వీలుగా టాలీ శస్త్రచికిత్సకు ఒప్పుకుంటుంది. చెల్లెలు ప్రిమ్‌కు బదులు కాట్నిస్ పోటీకి వెళుతుంది. అన్న కేలబ్ చేయవలసిన ప్రాణాంతకమైన పనికి ట్రిస్ తానే వెళ్లి మరణిస్తుంది.

భేదం

ఈ త్యాగం ట్రిస్ కథకు ముగింపు, కాట్నిస్ కథకు ప్రారంభం. కాట్నిస్ ఎవరి కోసం వెళ్లిందో ఆ చెల్లెలే చివరికి యుద్ధంలో బాంబులకు బలవుతుంది. నియంత స్నో, తిరుగుబాటు నాయకురాలు కాయిన్ ఇద్దరూ తనను ప్రచారానికి వాడుకున్నారని కాట్నిస్ గ్రహిస్తుంది. స్నోను చంపవలసిన బాణాన్ని ఆమె కాయిన్‌పై సంధిస్తుంది. అంటే ఇక్కడ నాయిక త్యాగంతో ఆగిపోలేదు. తన పక్షం వారినే ప్రశ్నించి తీర్పు చెప్పింది. అందువల్ల ‘ఎవరు ఎక్కువ ధైర్యవంతురాలు?’ అన్న ప్రశ్న మనల్ని ఎంతో దూరం తీసుకుపోదు. ‘ఆమె త్యాగం ఎవరికి ఉపయోగపడింది?’ అని అడగండి.

పుస్తకం బయట

2014లో థాయిలాండ్‌లో సైనిక కుట్రను, 2021లో మయన్మార్‌లో సైనిక పాలనను వ్యతిరేకించిన యువత ‘హంగర్ గేమ్స్’లోని మూడు వేళ్ల సంకేతాన్ని చూపారు. కల్పిత నాయిక చేసిన సైగ నిజమైన వీధుల్లో నిరసన గుర్తయింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ముగ్గురు నాయికల సమాజాల్లో రాజ్యం జరిపే తంతులను పోల్చండి.
2. కాట్నిస్ చివరి నిర్ణయం న్యాయమా, ప్రతీకారమా? కారణాలతో మీ అభిప్రాయం రాయండి.