స్టెతస్కోపు విడిచిన డాక్టరు: భోగరాజు పట్టాభిసీతారామయ్య

వైద్యుడు వృత్తిని విడిచి మరో రంగంలో అడుగుపెడితే లోకం రెండు విధాలుగా మాట్లాడుతుంది. పెద్ద పనికి పూనుకున్నాడని కొందరంటారు. రోగులను నట్టేట వదిలేశాడని మరికొందరంటారు. హోరేస్ అలెన్ అనే అమెరికన్ వైద్యుడు 1884లో కొరియాకు వెళ్ళి, అక్కడ ఆసుపత్రి నెలకొల్పి, తరువాత అదే దేశంలో అమెరికా రాయబారి అయ్యారు; కొరియా కథలను గ్రంథంగానూ వెలువరించారు. వైద్యం, రచన, రాజ్యకార్యం మూడూ ఒకే జీవితంలో ఇమిడిన వ్యక్తి మన తెలుగువారిలో ఎవరని మీరడిగితే, నేను చెప్పే పేరు డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్య. మా కొవ్వూరు నుంచి ఏలూరు పోయే దారిలో, భీమడోలు సమీపాన ఉన్న గుండుగొలనులో 1880 నవంబరు 24న ఆయన జన్మించారు.

మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో బి.ఏ., ఆపై ఆ నగరంలోనే ఎం.బి.సి.ఎం. పూర్తిచేశారు. ఈ తరం విద్యార్థులకు ఆ పట్టం పేరు వింతగా తోచవచ్చు, నేటి ఎం.బి.బి.ఎస్.కు అది పూర్వరూపం. 1906లో మచిలీపట్నంలో ప్రాక్టీసు ప్రారంభించారు.

ఆ కాలపు వైద్యుని సంచిలో ఏముండేదో ఒక్కసారి ఊహించండి. చలిజ్వరానికి క్వినైన్ ఉండేది. క్షయకు మందు లేదు, న్యుమోనియాకు లేదు. పెన్సిలిన్‌ను కనుగొన్నది 1928లో, స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో. కనుక డాక్టరు చేతిలో ఉన్నదల్లా సలహాయే: బలమైన ఆహారం తీసుకోండి, విశ్రాంతి తీసుకోండి, కాచిన నీళ్ళు తాగండి, గాలీ వెలుతురూ వచ్చే గదిలో పడుకోండి. ఈ నాలుగింటిలో డబ్బుతో పనిలేనిది ఒక్కటైనా ఉన్నదా? కృష్ణా గోదావరుల ఆనకట్టలు డెల్టాకు పంట ఇచ్చాయి. కానీ పంటకు పెట్టుబడి కావాలి, పెట్టుబడికి షావుకారు కావాలి. వడ్డీకి పోగా మిగిలినదే ఇంటిల్లిపాదికీ తిండి. మందు చీటీ రాయడం సులభం. ఆ చీటీ తీసుకున్న మనిషి తిన్నగా అంగడికి పోగలడా, లేక తాకట్టు కొట్టుకు పోవాలా అన్నది చీటీలో కనపడదు.

ఈ దృష్టితో చూసినప్పుడే పట్టాభిగారి తరువాతి పనులు నాకు అర్థవంతంగా కనిపిస్తాయి. ఆయన ప్రాక్టీసు చేస్తూ ఉండగానే, 1915లో, కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో పాలుపంచుకున్నారు. మరుసటి సంవత్సరం, మంచి రాబడి ఉన్న వృత్తిని పూర్తిగా మానుకున్నారు. 1923 నవంబరు 28న మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు వ్యవహారాలు మొదలైనాయి. చెల్లించిన మూలధనం కేవలం లక్ష రూపాయలు. ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా ఆయన చేతిమీదుగా వెలసినదే. ఇవి వ్యాపారాలు గదా, ఆరోగ్యానికేమిటి సంబంధం అని మీరనవచ్చు. అప్పుల వల్ల చికిత్స మధ్యలో మానేసిన రోగులను చూసిన ఏ డాక్టరూ ఆ ప్రశ్న వేయడు.

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాల, 1919 నుంచి వెలువడిన జన్మభూమి ఆంగ్ల వారపత్రిక మీకు తెలిసే ఉంటాయి. రచయితగా ఆయనకు పేరు తెచ్చినది కాంగ్రెసు చరిత్ర. సంస్థ స్వర్ణోత్సవ సందర్భంగా 1935లో వెలువడిన మొదటి సంపుటమే వెయ్యి పుటలకు పైబడినది. ఎంతో శ్రద్ధగా రాసిన కేసు షీటులా తేదీలు, తీర్మానాలు, పేర్లు అన్నీ అందులో ఉన్నాయి. అయితే సొంత బంధువుకు వైద్యం చేయరాదని మా గురువులు చెప్పేవారు. కాంగ్రెసు ఆయనకు సొంత ఇల్లు; ఆ గ్రంథంలో వివరం ఉన్నంతగా దూరం లేదు. 1942లో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో ఉన్న కాలంలో దినచర్య రాసుకున్నారు.

1939 అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసుకు 1580 ఓట్లు, ఆయనకు 1377 వచ్చాయి. నేటికీ చాలామందికి ఆయన గురించి తెలిసినది ఈ ఓటమి ఒక్కటే. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

ఆయనను నిజంగా ప్రశ్నించవలసిన చోటు వేరే ఉన్నది. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలని మొదటినుంచి వాదించినవారిలో ఆయన ఒకరు. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడైన తరువాత, జవహర్‌లాల్, వల్లభభాయ్‌లతో పాటు భాషారాష్ట్రాల సంఘంలో సభ్యుడైనారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో అది జె.వి.పి. సంఘమయింది. 1949 ఏప్రిల్‌లో వచ్చిన నివేదిక, భాషారాష్ట్రాలను కొంతకాలం వాయిదా వేయమన్నది; ఆంధ్రకు మాత్రం, మద్రాసు నగరంపై ఆశ వదులుకుంటే, అవకాశం ఉంచింది. రోగనిర్ధారణ చాలా ముందే చేసిన వైద్యుడు, చికిత్సను ఆలస్యం చేసే కాగితంపై సంతకం పెట్టారు.

1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు నిరశన ప్రారంభించేనాటికి పట్టాభిగారు మధ్యప్రదేశ్ గవర్నరుగా నాగపూరులో ఉన్నారు. ఆహారం అందని శరీరం ముందు నిలవ ఉన్న చక్కెరను, పిదప కొవ్వును, చివరకు కండరాలను, గుండె కండరాన్ని సైతం కరిగించుకుంటుంది. ఎం.బి.సి.ఎం. చదివిన మనిషికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. 58 రోజుల తరువాత, డిసెంబరు 15న శ్రీరాములుగారు కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు లేకుండానే. నివేదిక షరతే నెగ్గిందని కొందరంటారు. మధ్యలో ఒక ప్రాణం పోయిందన్న సంగతి ఆ వాదనలో లెక్కకు రాదు.

పట్టాభిగారు 1957 వరకు గవర్నరుగా ఉండి, 1959 డిసెంబరు 17న హైదరాబాదులో మరణించారు. ఆయన స్థాపించిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయింది. బోర్డు మారినా, మా వైపు పెద్దవాళ్ళు పింఛను కోసం ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకుకే వెళుతున్నామంటారు.