గాలి చొరబడినా నల్ల పొగే ఎందుకు?

అమెరికాలో 1988 నుంచి 1995 దాకా అమ్ముడైన షెవర్లే సీ/కే పికప్పుల్లో, 5.7 లీటర్ల వీ8 ఇంజన్ ఉన్న బండి ఒకటి మన ముందుందనుకుందాం. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నల్ల పొగ, ఘాటైన పెట్రోలు వాసన. స్పార్క్ ప్లగ్గులు విప్పితే మసి. కాసేపటికి డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. చిత్రమేమిటంటే, లైటు వెలిగాకే బండి కాస్త కుదురుకుంటుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ నల్ల పొగే.

బానెట్ ఎత్తి చెవి ఒగ్గితే సన్నగా గాలి పీలుస్తున్న బుస. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఇంజన్‌లోకి దొంగదారిన గాలి చొరబడితే పెట్రోలు పాలు తగ్గాలి కదా, పొగ నల్లబడటమేమిటి?

ఈ బుసను కాసేపు పక్కనపెట్టి ముందు లైటునే అడుగుదాం. ఆ కాలపు ఇలాంటి చాలా బండ్లలో ఇందుకు యంత్రమేమీ అక్కర్లేదు. స్టీరింగ్ కింద పన్నెండు కాళ్ల కనెక్టర్ ఉంటుంది. అందులో ఏ, బి కాళ్లను చిన్న వైరు ముక్కతో కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే లైటు మిణుకుతూ మాట్లాడుతుంది. ఒక మిణుకు, విరామం, రెండు మిణుకులు: అది 12, అడిగింది వినపడిందని చెప్పడమే. అది మూడుసార్లు వచ్చాక అసలు సంగతి మొదలవుతుంది. మూడు, విరామం, మూడు. 33.

మ్యాప్ సెన్సర్ నుంచి, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే పరికరం నుంచి, వోల్టేజి ఎక్కువగా వస్తోందని దాని అర్థం. ఈ అంకె చూడగానే చాలామంది కొత్త సెన్సర్ కొనేస్తారు. తొందరపాటే అది. యాక్సిలరేటర్ తొక్కకుండానే అంత వోల్టేజి, అంటే అంత ఒత్తిడి, ఉండటం నమ్మశక్యంగా లేదని మాత్రమే కంప్యూటర్ అంటోంది. ఏ భాగం చెడిందో దానికీ తెలియదు.

ఈ ఇంజన్‌లో లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. మానిఫోల్డ్ ఒత్తిడి, ఇంజన్ వేగం చూసి గాలి ఎంతో కంప్యూటర్ లెక్కగడుతుంది, దాన్నిబట్టే పెట్రోలు చిమ్మిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కని ఐడిల్‌లో ఒత్తిడి సుమారు 30 నుంచి 40 కిలోపాస్కల్స్ ఉంటుంది. పూర్తిగా తొక్కితే బయటి గాలితో సమానంగా 100 దాకా పోతుంది. అందువల్ల ఒత్తిడి ఎక్కువని వినపడితే చాలు, బండి కొండెక్కుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది.

నల్ల పొగ ముడి ఇలా వదులైంది. బుస చిన్నదే, చొరబడే గాలీ కొంచెమే. కానీ ఆ చొరబాటు మానిఫోల్డ్ ఒత్తిడిని సెన్సర్‌కి చేర్చే గొట్టంలో జరిగితే, సెన్సర్‌కి బయటి గాలి ఒత్తిడే అంది, వచ్చిన గాలికి సరిపోయేదానికన్నా చాలా ఎక్కువ పెట్రోలు పడుతుంది. లైటు వెలిగాక కుదురుకోవడమూ ఇందుకే. 33 నమోదు కాగానే కంప్యూటర్ సెన్సర్ మాట వినడం మానేసి, గాలిని లోపలికి వదిలే మూత, అంటే థ్రాటిల్, ఎంత తెరుచుకుందో చూసి తన అంచనా అంకెతో నెట్టుకొస్తుంది. ఈ ఒక్క ఆధారం గమనించినవాడికి సగం పని అయిపోయినట్టే.

మిగిలింది రుజువు. సెన్సర్‌కి మూడు వైర్లు: ఏ గ్రౌండ్, బి సిగ్నల్, సి ఐదు వోల్టులు. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా బి దగ్గర కొలిస్తే సముద్రమట్టపు ఊళ్లో నాలుగున్నర వోల్టులకు పైనే రావాలి. మైలు ఎత్తున్న డెన్వర్‌లో గాలే పలచన, అక్కడ నాలుగు దరిదాపు వస్తే తప్పుకాదు. ఇది తెలియక ఎన్ని మంచి సెన్సర్లు చెత్తబుట్ట పాలయ్యాయో! ఇంజన్ స్టార్ట్ చేశాక అంకె ఒకటి, ఒకటిన్నరకి పడాలి. మన బండిలో నాలుగు మీదే నిలబడింది.

ఇప్పుడు సెన్సర్ గొట్టం ఊడదీసి, చేతిపంపుతో నేరుగా సెన్సర్‌కే పది అంగుళాల (పాదరసపు కొలతలో) వ్యాక్యూమ్ ఇద్దాం. వోల్టేజి ఒకటిన్నర వోల్టులకు పైగా తగ్గింది, తగ్గిన చోటే నిలిచింది. సెన్సర్ నిక్షేపంగా ఉంది. తన మూతి దగ్గరున్న ఒత్తిడిని ఉన్నదున్నట్టు చెబుతోంది. ఇంజన్ నడుస్తుండగా గొట్టం చివర గేజి పెడితే ముల్లు కదలదు. థ్రాటిల్ బాడీ దగ్గర పెడితే పద్దెనిమిది అంగుళాలు! మధ్యలో ఉన్నది బెత్తెడైనా లేని రబ్బరు వంపు గొట్టం. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, కంటికి కనపడని అడుగువైపు చీలింది.

కొత్త గొట్టం వేసేటప్పుడు థ్రాటిల్ బాడీ రంధ్రంలోని మసి కూడా తీసేయాలి. అది మూసుకుపోయినా లక్షణాలు దాదాపు ఇవే. సెన్సర్ మూతిలోకి క్లీనర్ స్ప్రే కొట్టకూడదు, లోపలున్నది పలచని సిలికాన్ పొర. తర్వాత తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ వైరు అర నిమిషం ఊడదీస్తే పాత కోడ్ చెరిగిపోతుంది.

1996 తర్వాతి బండ్లలో 33 బదులు పీ0108 అని వస్తుంది. వాటిలో చాలావరకు సెన్సర్ నేరుగా మానిఫోల్డ్ మీదే కూర్చుంటుంది, చీలడానికి గొట్టం ఉండదు. అక్కడ ముందు చూడాల్సినవి ఓ-రింగు, కనెక్టర్ కాళ్ల తుప్పు.