సున్నా అంటే సఫలం

ప్రోగ్రామ్ పని ముగించి తప్పుకునేటప్పుడు తనను పిలిచిన ప్రోగ్రామ్‌కు ఒక సంఖ్య అప్పగిస్తుంది. అదే ఎగ్జిట్ కోడ్. తెర మీద వచ్చే ఎర్రర్ మెసేజ్ మనిషి చదువుకోవడానికి; ఈ సంఖ్య మరో ప్రోగ్రామ్ తర్వాత ఏం చేయాలో తేల్చుకోవడానికి.

ఈ ఆనవాయితీ బలపడింది 1960లలో, ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద. వాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/360లో ఒక జాబ్ అంటే వరుసగా నడిచే స్టెప్పులు. ప్రతి స్టెప్పూ రిటర్న్ కోడ్ ఇస్తుంది: 0 సవ్యం, 4 హెచ్చరిక, 8 తప్పు, 12, 16 మరీ తీవ్రం. నాలుగేసి చొప్పున పెరగడానికి కారణముంది. ఆ మెషీన్‌లో బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్ నిడివి 4 బైట్లు. 15వ రిజిస్టర్‌లో వచ్చిన కోడ్‌ను బ్రాంచ్ టేబుల్ చిరునామాకు కలిపితే చాలు, నేరుగా తగిన చోటికి దూకవచ్చు. జాబ్‌ను వివరించే జేసీఎల్ భాషలో ఆ కోడ్‌ను పరీక్షించే ‘కాండ్’ మాత్రం తిరకాసుది: షరతు నిజమైతే స్టెప్పు నడవదు. వై2కె రోజుల్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్ నేర్చిన తెలుగువారికి ఇది బాగా పరిచయం.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ ఈ సంఖ్యను ప్రతి చిన్న కమాండ్‌కూ తగిలించింది. సున్నా ఒక్కటే విజయం. సబబైన ఏర్పాటే: పని జరగడం ఒక్క తీరు, చెడిపోవడం వంద తీర్లు. అయినా సున్నా కానిదల్లా ప్రమాదం కాదు. వెతికిన మాట లేకపోతే ‘గ్రెప్’ 1 ఇస్తుంది, ఫైలే తెరుచుకోకపోతే 2.

కమాండ్లను నడిపే షెల్‌కు చేరేది 8 బిట్లే, అంటే 0 నుంచి 255 వరకు. తప్పుల లెక్కనే ఎగ్జిట్ కోడ్‌గా పంపే ప్రోగ్రామ్‌కు సరిగ్గా 256 తప్పులు దొరికాయనుకుంటే, పై బిట్లు రాలిపోయి షెల్‌కు సున్నా అందుతుంది. అంత పెద్ద వైఫల్యం విజయంగా నమోదవుతుంది. కమాండ్ దొరకకపోతే షెల్ ఇచ్చేది 127. సిగ్నల్ వల్ల ప్రోగ్రామ్ ఆగితే సిగ్నల్ సంఖ్యకు 128 కలుస్తుంది: కంట్రోల్-సీ నొక్కితే 130, 9వ సిగ్నల్‌తో చంపితే 137.

డెక్ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్ దారి వేరు. అక్కడ బేసి సంఖ్య సఫలం, సరి సంఖ్య విఫలం. అందుకే 1989 నాటి సీ ప్రమాణం ‘ఎగ్జిట్ సక్సెస్’, ‘ఎగ్జిట్ ఫెయిల్యూర్’ అనే పేర్లిచ్చి, అసలు సంఖ్యను ఆయా సిస్టమ్‌కే వదిలేసింది. డాస్‌లో కోడ్‌ను పరీక్షించే ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1’ అంటే ఒకటి గానీ, అంతకు మించి గానీ. కాబట్టి పెద్ద కోడ్ నుంచి కిందికి పరీక్షిస్తూ రావాలి.

ఒక కమాండ్ ఫలితాన్ని మరో కమాండ్‌కు అందించే యూనిక్స్ పైప్‌లైన్‌లో మామూలుగా చివరి కమాండ్ కోడే లెక్కలోకి వస్తుంది. మొదటిది విఫలమైనా, చివరిది గట్టెక్కితే షెల్‌కు అందేది సున్నాయే. ఆ లోటు తీర్చే ‘పైప్‌ఫెయిల్’ ఆప్షన్ బాష్ వంటి షెల్స్‌లో ముందే ఉన్నా, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల పోజిక్స్ ప్రమాణంలో చేరింది 2024లోనే.